అరవై వేలలో ఆటల పెట్టె

వెనకటి రోజుల్లో ఎద్దును కొనబోయే రైతు సంతకు ఒంటరిగా వెళ్ళేవాడు కాడు. పశువుల సంగతి బాగా తెలిసిన పెద్దమనిషి నొకణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. ఆ పెద్దమనిషి ఎద్దు నోరు తెరిపించి పళ్ళు చూసేవాడు. వీపు మీద సుళ్ళు చూసేవాడు. నాలుగడుగులు నడిపించి గిట్టలు చూసేవాడు. అదంతా అయినాకగాని తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం మొదలుపెట్టేవారు కారు. అంత జాగ్రత్త దేనికయ్యా అంటే, తప్పుడు ఎద్దు ఇంటికి వస్తే ఆ ఏటి సేద్యం చెడిపోతుంది, చేసిన అప్పు మాత్రం మిగులుతుంది.

ఇవాళ మన మధ్యతరగతి ఇళ్ళల్లో యాభై అరవై వేలు పోసి కొనే వస్తువులలో కంప్యూటరు ఒకటి. అందులోనూ పిల్లలు అడుగుతున్నది మామూలు కంప్యూటరు కాదు, "గేమింగ్ పీసీ"ట. దీనికి పళ్ళెక్కడుంటాయో, సుళ్ళెక్కడుంటాయో తల్లిదండ్రులకు తెలియదు. దుకాణంవాడు అద్దాల పెట్టెలో ఎర్రదీపాలూ, నీలం దీపాలూ వెలిగించి చూపిస్తాడు. తిరునాళ్ళలో రంగులరాట్నాన్ని చూసినట్టు నోరు తెరుచుకుని చూసి, జేబులో చెయ్యి పెడతాం.

ఈ మధ్య నాకు వచ్చిన ఉత్తరాల్లో ఈ ప్రశ్న తరచుగా కనిపిస్తున్నది. "మావాడు ఆటల కంప్యూటరు కొనమని ప్రాణం తీస్తున్నాడు. ఎంత పెట్టవచ్చు? ఏది కొనాలి? అసలు కొనవచ్చునా?" అని. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ దేనికని మీరనవచ్చు. కాని, ఛందస్సు చెప్పేవాడికి అక్షరాలు లెక్కపెట్టడం అలవాటే గదా! ఈ బేరంలో గూడా ఒక్క అక్షరం తేడా వస్తే మొత్తం అర్థమే మారిపోతుంది. అదెట్లాగో ముందు ముందు చెబుతాను.

మా ఇంట్లో ఈ వ్యవహారం 2025 వేసవిలో వచ్చింది. మా అబ్బాయి ఇంజనీరింగు మొదటి సంవత్సరం పూర్తిచేశాడు. కాలేజీకి బస్సులో వెళ్ళి వస్తాడు. వచ్చిన తరువాత మాత్రం ఇంట్లో వుండడు. మా వూళ్ళో గంటకు యాభై రూపాయలు పుచ్చుకుని కంప్యూటరు ఆటలు ఆడనిచ్చే కేంద్రాలు రెండున్నాయి. వాడు అక్కడ తేలేవాడు. రాత్రి పది, పదకొండు. మా ఆవిడ వీధి వరండాలో కుర్చీ వేసుకుని, వచ్చేపోయే ప్రతి మోటారుసైకిలు వంకా చూస్తూ కూర్చునేది. వాడు వచ్చి చల్లారిన అన్నం నాలుగు ముద్దలు తిని పడుకునేవాడు. తండ్రీకొడుకుల మధ్య మాటలు తగ్గిపోయాయి. నేను అడిగేది ఒకటే, "ఎక్కడికెళ్ళావు?" వాడు చెప్పేదీ ఒకటే, "ఎక్కడికీ లేదు."

అటువంటి సమయంలో మేము కట్టుకుంటూ వచ్చిన చీటీ పాట మాకు తగిలింది. చేతికి అరవై వేలు వచ్చాయి. ఆ డబ్బు మా ఆవిడ మెడలోకి ఏదైనా వస్తువు చేయించడానికని మేము ముందునుంచీ అనుకున్నది. కాని ఆమె లెక్క ఆమె వేసుకున్నది. "ఈ ధరల్లో అరవై వేలకు కాసు బంగారం గూడా రాదు. ఆ ముక్కను మెళ్ళో వేసుకుని నేను వరండాలో కూర్చోవాలా? ఆ ఆటేదో వాణ్ణి ఇంట్లో ఆడుకోనివ్వండి. కనీసం అన్నం వేడిగా తింటాడు" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

నేను రెండు షరతులు పెట్టాను. మొదటిది, అరవై వేలకు పైన ఒక్క రూపాయి పెట్టేది లేదు, వాయిదాల పద్ధతి అసలే లేదు. రెండోది, కొనబోయే ప్రతి వస్తువూ ఎందుకు కొంటున్నామో మా అమ్మకు అర్థమయ్యేటట్టు వాడు చెప్పాలి. డెబ్భై అయిదేళ్ళ మనిషికి చెప్పలేని వస్తువు మనకు గూడా అర్థం కాలేదన్నమాటే.

మరునాడు వాడు కొండవీటి చాంతాడంత జాబితా తెచ్చాడు. మొత్తం లక్షా పదివేలు! నేనేమీ అనలేదు. "నువ్వు ఆడదలుచుకున్న ఆటలు ఏవి?" అని మాత్రం అడిగాను.

అక్కడే వుంది కీలకమంతా. పెళ్ళికి ఎంతమంది వస్తారో తెలియకుండా వంటవాడికి బియ్యం కొలిచి ఇవ్వగలమా? ఆటల్లో చాలా రకాలున్నాయి. వాలరెంటు అనే ఆట, కౌంటర్ స్ట్రైక్ 2 అనే ఆట వున్నాయి. కుర్రాళ్ళంతా జట్లుగా చేరి ఎక్కువగా ఆడుకునేవి ఇటువంటివే. ఇవి ఉచితంగా దొరుకుతాయి, పెద్ద యంత్రాన్ని కోరవు. 2015లో కంప్యూటరుకు వచ్చిన జీటీఏ 5 వంటిది మధ్యరకం. 2020 డిసెంబరులో వచ్చిన సైబర్‌పంక్ 2077 వంటివి మాత్రం యంత్రం చేత చెమటలు కక్కిస్తాయి. ప్రతి ఆటకూ దాని తయారీదారులు "కనీసం ఇంత యంత్రం కావాలి, ఇంత వుంటే బాగు" అని రెండు పట్టికలు ప్రకటిస్తారు. డబ్బు ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. మావాడు ఆడే నాలుగు ఆటల పట్టికలూ పక్కపక్కన పెట్టి చూసుకునేసరికి, లక్షా పదివేల జాబితాలో సగం వస్తువులు వాటంతటవే రాలిపోయాయి. వాడికి అవసరమైన మరో సంగతి ఏమిటంటే, బ్లెండర్ అనే సాఫ్టువేరులో బొమ్మలకు కదలిక నేర్పడం. అదీ ఉచితమే. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. రాత్రి పదకొండింటి దాకా ఆటలే కాదు, ఇది గూడా నేర్చుకుంటున్నాడట. అడిగే పద్ధతిలో అడిగితే పిల్లలు చెబుతారు కాబోలు.

ఇక మా అమ్మకు పాఠం మొదలైంది. ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నది. అమ్మ కరివేపాకు దూస్తూ కూర్చున్నది. వీడు ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.

"బామ్మా, ప్రాసెసరంటే వంటవాడు. ర్యామంటే వాడి ముందుండే వంటింటి గట్టు. గట్టు ఇరుగ్గా వుంటే ఎంత గొప్ప వంటవాడైనా ప్రతిదానికీ కొట్టుగదిలోకి పరుగెత్తాల్సిందే. ఆ కొట్టుగది ఎస్సెస్‌డీ."

"మరి ఆ ఇరవై వేల వస్తువేమిట్రా? దానికే సగం డబ్బు పోసేట్టున్నావు" అన్నది అమ్మ. మా అమ్మకు కంప్యూటరు తెలియకపోయినా డబ్బు తెలుసు.

"అది గ్రాఫిక్స్ కార్డు. నువ్వు సంక్రాంతికి చుక్కల ముగ్గు వేస్తావు గదా, తెర మీద బొమ్మ గూడా అటువంటిదే. అడ్డంగా 1,920 చుక్కలు, నిలువుగా 1,080 చుక్కలు. మొత్తం 20,73,600 చుక్కలు. ఆ ముగ్గంతా తుడిచేసి మళ్ళీ వెయ్యాలి, సెకనుకు అరవై సార్లు."

అమ్మ కరివేపాకు దూయడం ఆపేసింది. నేను కాగితం మీద గుణించి చూశాను. సెకనుకు పన్నెండు కోట్ల నలభై నాలుగు లక్షల చుక్కలు! వంటవాడొక్కడే ఆ పని పెట్టుకుంటే వంట మాని వాకిట్లో కూర్చోవలసిందే. అందుకని ముగ్గు పని ఒక్కటే చేసే చిన్న చిన్న పనివాళ్ళను వందలూ వేలూ ఒక పలక మీద కూర్చోబెడతారు. మావాడు ఎంచుకున్న రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 అనే కార్డులో అటువంటి పనివాళ్ళు 1,792 మంది వున్నారట. "అయితే కొనండిరా, పాపం" అన్నది అమ్మ, ఆ 1,792 మందీ మా వాకిట్లోనే నడుము వంచి నిలబడ్డట్టు.

ఈ చుక్కల లెక్క ఊరికే కాలక్షేపానికి చెప్పలేదు. బడ్జెట్టుకు ఇదే ముడిపడి వుంటుంది. దుకాణంవాడు "ఫోర్‌కే తెర తీసుకోండి సార్" అంటాడు. దాని మీద 82,94,400 చుక్కలుంటాయి, సరిగ్గా నాలుగు రెట్లు. తెర ధరతో పోయేది కాదు. అన్ని చుక్కలు పెట్టగల కార్డు కావాలంటే అరవై వేలు ఆ ఒక్క కార్డుకే చాలకపోవచ్చు. ఇరవై నాలుగు అంగుళాల తెర, 1,920 చుక్కల రకం మన ఇళ్ళకు పూర్తిగా చాలు. అయితే సెకనుకు అరవై సార్లు కాకుండా నూరు సార్లో, నూట నలభై నాలుగు సార్లో బొమ్మ మార్చగల తెరలు వస్తున్నాయి. జట్టు ఆటలు ఆడేవాళ్ళకు ఆ తేడా నిజంగానే తెలుస్తుంది. ధరలో వ్యత్యాసం పెద్దది కాదు గనుక అటువంటిది తీసుకోవచ్చు.

ఇప్పుడు అక్షరాల సంగతి. ఏఎమ్‌డీ వారి రైజెన్ 5 5600 అని ఒక ప్రాసెసరు వుంది. రైజెన్ 5 5600జీ అని మరొకటి వుంది. చివర ఆ "జీ" అనే అక్షరం వుంటే దాని లోపలే చిన్న ముగ్గులమనిషి వున్నట్టు లెక్క. లేకపోతే విడిగా గ్రాఫిక్స్ కార్డు పెడితేగాని తెర మీద బొమ్మే రాదు. ఇంటెల్ వారిది దీనికి తలకిందులు. వారి కోర్ ఐ3 12100లో బొమ్మ వచ్చే ఏర్పాటున్నది. చివర "ఎఫ్" చేరితే లేదు. ఒక్క హల్లు!

నలభై వేలకు మించి పెట్టలేని వారికి ఆ "జీ" రకమే దారి. కార్డు లేకుండా దానితోనే వాలరెంటు వంటివి చక్కగా నడుస్తాయి. ఏడాదికో, రెండేళ్ళకో చేతిలో డబ్బు ఆడినప్పుడు కార్డు తెచ్చి తగిలించుకోవచ్చు. నాసిరకం కార్డొకటి ఇప్పుడే కొని పెట్టుకోవడం కంటె ఈ పద్ధతి వెయ్యిరెట్లు మేలు.

నాసిరకమంటే గుర్తుకొచ్చింది. మా బంధువొకాయన నిరుడు తన పిల్లవాడికి ముప్ఫై ఎనిమిది వేలు పెట్టి "ఐ7 కంప్యూటరు, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్" కొనిపెట్టాడు. అంకెలన్నీ పెద్దవే. పెట్టె నిండా దీపాలు, సత్యనారాయణవ్రతం మంటపం లాగా. ఇంటికి తెచ్చి ఆట పెడితే బొమ్మ ముక్కలు ముక్కలుగా కదులుతున్నది. మావాడు వెళ్ళి మూత తీసి చూశాడు. ఆ ఐ7 అనేది నాలుగో తరానిది, 2013 నాటి సరుకు. ఏదో ఆఫీసులో పదేళ్ళు చాకిరీ చేసి రిటైరైన ప్రాసెసరు. 2022లో వచ్చిన ఐ3 దాన్ని అవలీలగా ఓడిస్తుంది. "ఐ7" అన్నది ఉద్యోగం హోదా లాంటిది. పక్కనుండే పెద్ద అంకెలో తరం తెలుస్తుంది. 4770 అంటే నాలుగో తరం, 12100 అంటే పన్నెండో తరం. కొనేవాడు ముందు చూడవలసిన పళ్ళు ఇవి.

ఇక ఆ 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు జీటీ 730 అనేది. 2014లో పుట్టింది. నాలుగు జీబీలనేది దాని సంచీ సైజు మాత్రమే. మొయ్యడానికి ఒంట్లో శక్తి వుండవద్దూ? జీబీలు చూసి కార్డు కొనడం, సంచీ చూసి కూలివాణ్ణి కుదుర్చుకోవడం వంటిది. పైగా అంత పాత ప్రాసెసరు మీద విండోస్ 11ను మైక్రోసాఫ్టువారు అనుమతించరు. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి మాత్రమే. విండోస్ 10కి వారి ఆదరణ 2025 అక్టోబరు 14తో ముగిసింది. మా బంధువు బిల్లు పట్టుకుని దుకాణానికి వెళితే, "ఐ7 అడిగారు, ఐ7 ఇచ్చాం" అన్నారట. ఆ మాటలో అబద్ధం లేదు, చూడండి! ఆ పిల్లవాడు మాత్రం తండ్రి డబ్బు తనవల్ల పోయిందని నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ముప్ఫై ఎనిమిది వేల కంటె అది ఎక్కువ నష్టమని నా ఉద్దేశం.

పాత కార్డులు చవుకగా దొరుకుతాయని మరికొందరు చెబుతారు. దొరుకుతాయి. ఆ మధ్య ఈథీరియం అనే డిజిటల్ నాణేలను "తవ్వడానికి" ఈ కార్డులనే రాత్రింబగళ్ళు నడిపించారు. 2022 సెప్టెంబరు 15న ఆ పద్ధతి మారిపోవడంతో ఆ తవ్వకం ఆగి, కార్డులన్నీ బజారున పడ్డాయి. తెలిసినవాడి దగ్గర, బిల్లుతో, వారంటీ మిగిలి వుంటే తీసుకోవచ్చు. ముక్కూ మొహం తెలియనివాడు రైల్వేస్టేషను దగ్గరికి రమ్మంటే మాత్రం వెళ్ళకండి.

"లాప్‌టాప్ అయితే ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు గదా" అని మా ఆవిడ అడిగింది. హాస్టల్లో వుండి చదువుకునే పిల్లలకు అదే సరి. మరో మాట లేదు. ఇంట్లో వుండేవాడికి మాత్రం అంతే డబ్బుకు బల్ల మీద కంప్యూటరే ఎక్కువ పని చేస్తుంది. లాప్‌టాపుల్లో ఒక మాయ వుంది. ఆర్‌టీఎక్స్ 4060 అని పేరు రాసి వుంటుంది; కాని ఒక లాప్‌టాపులో ఆ చిప్పుకు 35 వాట్ల కరెంటు మాత్రమే అందిస్తారు, మరోదాంట్లో 115 వాట్లు అందిస్తారు. ఇద్దరికీ భీముడనే పేరు పెట్టి, ఒకడికి గుక్కెడు గంజి, మరొకడికి బండెడన్నం పెట్టినట్టు! కొనేముందు ఆ వాట్ల సంఖ్య అడిగి తెలుసుకోవాలి. దాని గ్రాఫిక్స్ చిప్పును తరువాత మార్చుకోవడానికి గూడా వీలుండదు.

జాబితా సిద్ధమైంది. జూన్ నెలలో ఒకనాడు తెల్లవారుజామున గుంటూరులో గోల్కొండ ఎక్స్‌ప్రెస్సు ఎక్కి సికిందరాబాదు చేరాము. అక్కడ పార్క్‌లేనులో చెనాయ్ ట్రేడ్ సెంటరని వుంది. సీటీసీ అంటే ఆటోవాళ్ళు తీసుకువెళతారు. అంతస్తులన్నీ కంప్యూటరు దుకాణాలే. సగం తెలుగు, సగం హిందీ, మధ్యలో ఇంగ్లీషు అంకెలు. ఆ బజారు నుంచి ఖాళీ చేతులతో తిరిగిరావడం కష్టం; తొందరపడకుండా తిరిగిరావడం ఇంకా కష్టం. మేము నాలుగు దుకాణాలలో ఒకే జాబితా ఇచ్చి, వస్తువు వస్తువుకూ విడివిడిగా ధర రాసిమ్మన్నాము. "మొత్తం ప్యాకేజీ" ధర వద్దన్నాము. ప్యాకేజీలో కలిపేస్తే ఎక్కడ కోసుకున్నారో తెలియదు.

వాళ్ళు కోసుకునే చోట్లు మూడని ఆ రోజు గ్రహించాను. మొదటిది కరెంటిచ్చే పెట్టె. దుకాణాల్లో ఎస్సెమ్‌పీఎస్ అంటారు. ఒకాయన మా జాబితాలోని నాలుగువేల దాని బదులు "ఇదీ 500 వాట్లే సార్" అంటూ తొమ్మిది వందల రూపాయలది పెట్టబోయాడు. బరువు చూస్తే ఖాళీ అగ్గిపెట్టె. ఊరూ పేరూ లేని ఆ పెట్టె ఎప్పుడైనా పేలితే తనొక్కతే పోదు. ఇరవై వేల కార్డును గూడా వెంటబెట్టుకు పోతుంది. పేరున్న తయారీదారుది, 80 ప్లస్ అనే గుర్తు వున్నది తీసుకోవాలి. గోడలోంచి లాగిన కరెంటులో కనీసం నూటికి ఎనభై వంతులు పనికి అందిస్తుందని ఆ గుర్తుకు అర్థం. మా కార్డు తినేది 132 వాట్లు, ప్రాసెసరుది సుమారు 65. కనుక 550 వాట్లది హాయిగా సరిపోతుంది. మనవైపు వేసవిలో కరెంటు ఎట్లా వస్తుందో, ఎట్లా పోతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

రెండో చోటు ర్యామ్. ఎనిమిదేసి జీబీల పలకలు రెండు రాసుకువెళితే, పదహారుది ఒకటే ఇస్తామన్నారు. "అదీ పదహారే, ఇదీ పదహారే." కాని రెండు పలకలుంటే బావికి రెండు గిలకలున్నట్టు, ఏకకాలంలో రెండు చేదలూ నడుస్తాయి. ముఖ్యంగా ఆ "జీ" రకం ప్రాసెసరు కొనేవాళ్ళు ఈ విషయంలో రాజీ పడగూడదు. దాని లోపలి ముగ్గులమనిషికి విడిగా మెమరీ లేదు. ఈ బావిలోంచే తోడుకోవాలి.

మూడోది బిల్లు. ఒక దుకాణంలో "బిల్లు వద్దంటే రెండువేలు తగ్గిస్తాను" అన్నారు. కార్డులకు సాధారణంగా మూడేళ్ళ వారంటీ వుంటుంది. పాడైతే తయారీదారు సర్వీసు కేంద్రంలో ఆ కాగితమే అడుగుతారు. జీఎస్‌టీ 18 శాతం మన దగ్గర పుచ్చుకుంటున్నందుకు ఆ కాగితమన్నా దక్కాలి గదా! నేను నమస్కారం పెట్టి ఇవతలికి వచ్చేశాను.

చివరకు ఒకచోట కుదిరింది. లెక్క రాస్తాను, అడిగినవాళ్ళ కోసం. ప్రాసెసరు 9,200. మదర్‌బోర్డు 7,400. గ్రాఫిక్స్ కార్డు 20,800. ర్యామ్ 3,600. ఎస్సెస్‌డీ 3,200. కరెంటు పెట్టె 3,900. క్యాబినెట్టు 2,800. తెర 8,600. వెరసి 59,500. కీబోర్డూ, మౌసూ ఇంట్లో పాతవే వున్నాయి. మిగిలిన అయిదువందలతో ఇద్దరం భోజనం చేశాము.

ఎస్సెస్‌డీ మాత్రం 500 జీబీలదే కొన్నాము. పెద్ద ఆటలు ఒక్కొక్కటి వంద జీబీల దాకా మింగేస్తాయి. అయినా కొట్టుగది ఇరుగ్గా వుంటే తరువాత మరో గది కట్టుకోవచ్చు. కరెంటు పెట్టెనో, కార్డునో సగంలో మార్చడం కష్టం. డబ్బు చాలనప్పుడు ఎక్కడ తగ్గించాలీ అంటే నేను మొదట కొట్టుగది అంటాను, ఆ తరువాత దీపాలు.

దీపాల దగ్గర ఒక సంగతి జరిగింది. మావాడు మూడు నెలలనుంచి కలలు కంటున్న అద్దాల క్యాబినెట్టు ఆ దుకాణంలోనే ఎదురుగా వెలుగుతున్నది. నాలుగువేలు ఎక్కువ. వాడు దాని ముందు కాసేపు నిలబడ్డాడు. ముందు భాగమంతా అద్దంతో మూసిన పెట్టెలో గాలి ఆడదు. జల్లెడలాంటి ముఖం వున్నదే వేసవికి మంచిది. ఆ సంగతి వాడికీ తెలుసు. నేను చూస్తున్నానని తెలిసి, "నల్లదే ఇవ్వండి" అన్నాడు దుకాణం కుర్రాడితో. నేను ఇంకో నాలుగువేలు వేస్తానని అనలేదు. అనాలని మాత్రం అనిపించింది.

ఈ ధరలు 2025 జూన్ నాటివని గుర్తుపెట్టుకోండి. ఆ సంవత్సరం చివరికి ర్యామ్ ధర రెట్టింపును మించిపోయింది. కృత్రిమ మేధ కోసం దేశదేశాల్లో కడుతున్న పెద్ద పెద్ద యంత్రశాలలు మెమరీ చిప్పులను టోకున కొనేస్తున్నాయి. మైక్రాన్ సంస్థ క్రూషియల్ అనే పేరుతో మనబోటి గృహస్థులకు ర్యామ్ అమ్మే వ్యాపారం మానుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. కనుక ఇప్పుడు జాబితా వేసుకునేవారు మొదట ర్యామ్ ధర కనుక్కుని, తక్కినవి దానికి తగ్గట్టు సర్దుకోవాలి. ఆనక ముగ్గుబుట్టలో తగ్గించవలసి వచ్చినా తప్పదు.

ఇంటికి తెచ్చి బిగించిన తరువాత చాలామంది చేసే పొరపాటొకటి చెప్పాలి. తెరనుంచి వచ్చే తీగను మదర్‌బోర్డు వెనక రంధ్రంలో గుచ్చకండి. కార్డు వెనక రంధ్రంలో గుచ్చాలి. లేకపోతే ఇరవై వేల కార్డు పెట్టెలో కూర్చుని నిద్రపోతుంది. 144 సార్లు మారే తెర కొన్నా, విండోస్ అమరికలో వెళ్ళి మార్చేదాకా అరవై దగ్గరే వుండిపోవచ్చు. కరెంటు బిల్లు గురించి భయపడనక్కరలేదు. ఆట ఆడుతున్నప్పుడు తెరతో సహా 250 వాట్లు అనుకుంటే, నాలుగు గంటలకు ఒక యూనిట్టు.

మా కాలేజీలో ఒక సహోపాధ్యాయుడు ఈ వార్త విని, "గేమింగు కంప్యూటరా? ఇల్లు గుల్ల చేసుకుంటున్నారు మాస్టారూ" అన్నాడు. ఆయన మనస్సులో వున్నది పేకాట. ఇంగ్లీషులో గేమింగన్న మాటకు జూదమనే అర్థం గూడా వుండటంతో వచ్చిన చిక్కు ఇది. డబ్బు ఒడ్డి ఆడే ఆటలను ఫోనుల్లో గూడా తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ చట్టం చేసి నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అదే చట్టం డబ్బు పందెంలేని పోటీ ఆటలను, ఈ-స్పోర్ట్సు అనేవాటిని, వేరుగా గుర్తించింది. నలుడూ ధర్మరాజూ ఆడినదానికీ, మావాడు ఆడేదానికీ పోలిక లేదు. అయితే ఇందులోనూ డబ్బు పోయే దారి ఒకటి లేకపోలేదు. ఆట ఉచితం, అలంకారం ఖరీదు! తుపాకీకి పట్టుచీర కట్టినట్టు రంగుల తొడుగులమ్ముతారు. దానివల్ల గురి ఏమీ పెరగదు. అందుచేత ఆ కంప్యూటరులో నా బ్యాంకు కార్డు వివరాలేవీ దాచిపెట్టలేదు. తొడుగు కావాలంటే వాడు తన బస్సు ఖర్చుల్లో మిగుల్చుకోవాలి. ఇప్పటికి ఒకటి కొన్నాడు. మంచి ఎరుపు.

కంప్యూటరును వాడి గదిలో పెట్టనివ్వలేదు. ముందు హాల్లో, అమ్మ మంచం పక్కన పెట్టించాము. మొదటి వారం తగువులయ్యాయి. చెవులకు పెట్టుకునే గొట్టాలు కొన్నాక తగ్గాయి. రాత్రి పదిన్నరకు ఆపేస్తాడు. కొన్నాళ్ళు మా ఆవిడ అలవాటు చొప్పున తొమ్మిదింటికి వరండాలోకి వెళ్ళి, కుర్చీ దాకా వెళ్ళాక గుర్తొచ్చి లోపలికి వచ్చేసేది.

పుణేవాళ్ళు తయారుచేసిన "రాజీ" అనే ఆట ఒకటి వుంది, 2020లో వచ్చింది. ఎత్తుకుపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ ఒక ఆడపిల్ల రాక్షసులతో పోరాడుతుంది. దుర్గాదేవి త్రిశూలం ఆమె చేతిలో వుంటుంది. మావాడు అది పెట్టినప్పుడు అమ్మ మంచం మీదనుంచి లేచి కుర్చీ లాక్కున్నది. పిల్ల గోడలు ఎక్కుతుంటే "పడతావే, పడతావే" అంటుంది. మధ్యలో వాడు పరీక్షలకు చదువుకోవాలని నాలుగు రోజులు ఆపేస్తే, "ఆ పిల్ల తమ్ముడు దొరికాడుట్రా?" అని నన్ను అడిగింది.

ఉత్తరాలు రాసేవారికి ఒక మనవి. మీ పిల్లలు ఆడే ఆటలేవో, ఆటలు కాక చేసే పనేదో, చదివేది ఇంట్లోనా హాస్టల్లోనా, చేతిలో వున్నదెంతో, ఈ నాలుగూ రాయండి. అవి లేకుండా "మంచి కంప్యూటరు ఒకటి చెప్పండి" అని రాస్తే నేను జవాబు రాయలేను. దుకాణంవాడు రాయగలడు.